చెదలు తిన్న మూడు మార్గాలు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఏదీ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ల వయసులో నాకున్నంత పాండిత్యం ఆ తర్వాత మళ్లీ ఎన్నడూ లేదు. అది ఏటికి కొంత చొప్పున తరుగుతూ వచ్చి, నలభైకి దగ్గరపడిన ఇప్పుడు ఎవరైనా ఏదైనా అడిగితే "ఏమోనండి, చూసి చెప్పాలి" అనే స్థితికి దిగజారాను. అప్పుడలా కాదు. డిగ్రీ రెండో ఏడాదిలోనే కాలేజీకీ నాకూ ఋణం తీరిపోయింది కనుక, యానాం లైబ్రరీయే నా విశ్వవిద్యాలయమని నాకు నేనే ప్రకటించుకుని, బీరువాల వరసలో చదువుకుంటూ పోయేవాణ్ణి. మొదటి బీరువా పై అర ఎడమ చివర మొదలుపెట్టి, ఏది ముందు తగిలితే అది. అందుచేత ఆ ఏడాది మార్చిలో నేను తేనెటీగల పెంపకంలో నిపుణుణ్ణి. మే నెలలో హోమియోపతి వైద్యుణ్ణి (మా మెస్సులో పచ్చళ్లు రుబ్బే పెద్దావిడ మోకాలికి నేనిచ్చిన మందుతో ఆవిడ రెండు వారాలు మంచం దిగలేదు). జూలై వచ్చేసరికి మతాల అరలోకి ప్రవేశించాను.

ఆ అరలో బౌద్ధం మీద నాలుగున్నర పుస్తకాలుండేవి. నాలుగింటిలో జాతక కథలూ, స్తూపాల మీది శిల్పాలూ. ఆ అర పుస్తకం మాత్రం అసలైనది. అష్టాంగ మార్గాన్ని అధ్యాయానికొకటి చొప్పున విడమరిచి చెప్పే పాత పుస్తకం. దాని వెనక భాగాన్ని చెదలు తినేశాయి. సమ్యక్ దృష్టి, సమ్యక్ సంకల్పం, సమ్యక్ వాక్కు, సమ్యక్ కర్మ, సమ్యక్ జీవనం. ఈ అయిదూ భద్రంగా ఉన్నాయి. ఆరో అధ్యాయం దగ్గర్నుంచి మట్టి. అంటే ఎనిమిది మార్గాల్లో అయిదు నాకు తెలుసు, మూడు చెదలకి తెలుసు. ఇంకెవరైనా అయితే లైబ్రేరియన్ గారిని అడిగేవారు. నేను అడగలేదు. అయిదు తెలిసినవాడు మిగతా మూడూ ఊహించుకోలేడా అనుకుని, ఒక మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చుని సమ్యక్ స్నానం, సమ్యక్ నిద్ర, సమ్యక్ భోజనం అని నోటు పుస్తకంలో పూర్తి చేసేశాను. సమ్యక్ భోజనం అంటే శాకాహారం అని దాని కింద వివరణ కూడా రాశాను. జరిగిందంతా ఆ చివరి మాట వల్లనే జరిగింది.

అప్పుడు నేను మా మేనత్త దగ్గర ఉండేవాణ్ణి. ఆవిడకి రేవు రోడ్డులో కింద మెస్సు, పైన అద్దెకిచ్చే మూడు గదులు. ఆ గదులకి నేను మేనేజర్నని నా ఉద్దేశం. కేరేజీలు పైకి మోసేవాణ్ణని అత్త ఉద్దేశం. ఆవిడ చేతి పులస పులుసంటే కాకినాడ నుంచి కార్లేసుకుని వచ్చేవాళ్లు. గోదావరికి ఎర్రనీరు తగిలాక సముద్రంలోంచి ఎదురెక్కి వచ్చే ఆ చేప కోసం మా వైపు జనం ఏం అమ్ముకోవడానికైనా సిద్ధపడతారన్న సామెత మీరు వినే ఉంటారు. అత్త దాన్ని మట్టి దాకలో, కట్టెల పొయ్యి మీద, గరిటె పెట్టకుండా దాకనే అటూ ఇటూ తిప్పుతూ వండేది. వండిన రోజున మాత్రం ఎవరికీ వడ్డించేది కాదు. రాత్రంతా ఊరి, ముక్కకి పులుసు పట్టాక మర్నాడే తినాలి. కలెక్టరు గారొచ్చినా సరే, ఇవాళ వండితే రేపు రమ్మనేది. "మా ఇంట్లో ఒక్క పూట తిన్నోళ్లు సచ్చేదాకా నా పులుసు పేరు సెప్పుకోవాలి. నాకింకేం ఒద్దు" అనేది. నిజంగానే ఆవిడకి ఇంకేమీ అక్కర్లేదు.

అలాంటి రోజుల్లో, జూలై నెల వానలో, ఇద్దరు ఫ్రెంచివాళ్లు మా మేడ మెట్లెక్కారు. ఒకావిడ అరవై ఏళ్ల నర్సు. ఒకాయన రిటైరైన సిటీ బస్సు డ్రైవరు. మొగుడూ పెళ్లాలు కారు. వాళ్ల ఊళ్లో ప్రతి గురువారం సాయంత్రం ఒకరింట్లో పదిమంది కూడి ధ్యానం చేసే బృందముందట, ఇద్దరూ దాన్లో వాళ్లు. కోనసీమలో ఏటవతల ఉన్న పాత బౌద్ధ దిబ్బ చూడ్డానికి వచ్చారు. లంకల్లో రోడ్డు మీదికి వరద నీరు రావడంతో ఇవతలే ఆగిపోయారు. (నర్సమ్మ ముత్తాత ఒకాయన ఫ్రెంచి దొరల కాలంలో యానాంలో గుమాస్తాగా చేశాడట. అందుకని ఆగిపోయినందుకు ఆవిడకి పెద్ద బాధ కూడా లేదు.) వాళ్లు బౌద్ధులని తెలిసిన క్షణాన నాకు ఒళ్లు పులకరించింది. నాలుగున్నర పుస్తకాలు చదివింది ఇందుకే అనిపించింది. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకే పరీక్షలో తప్పినట్టుండేవి కాబట్టి మాట్లాడుకోవడం సులువైంది. భోజనం సంగతి ఆవిడ ఇంకా నోరెత్తకముందే నేను చేతులు జోడించి, "మీ నియమాలు నాకు తెలుసు మేడమ్. మీరేమీ చెప్పనక్కర్లేదు" అన్నాను. ఆవిడ నవ్వి, తనూ చేతులు జోడించింది.

కింద మాత్రం గొడవైంది. "పులసల రోజుల్లో మనింటికొచ్చినోళ్లకి బీరకాయ పెట్టమంటావేంట్రా? మనిషన్నోడు చేసే పనేనా?" అంది అత్త.

"వాళ్లు బౌద్ధులత్తా. చీమని కూడా చంపరు."

"వాళ్లని సంపమన్నానేంటి? తినమన్నాను. ఓసారి అడిగి సూడరాదా?"

"అడగడమే అపచారం. సమ్యక్ భోజనం అని పుస్తకంలో స్పష్టంగా ఉంది," అన్నాను. పుస్తకంలో అంటే నా నోటు పుస్తకంలో అని ఆవిడకి తెలియదు. నోటు పుస్తకమైనా, అచ్చు పుస్తకమైనా, అక్షరం ఉన్న కాగితమంటే అత్తకి భయం. గొణుక్కుంటూ బీరకాయలు తీసింది. నా దురదృష్టం ఏమిటంటే, ఆ మధ్యాహ్నం కేరేజీ పైకి తీసుకెళ్లేసరికి వాళ్లు ముగ్గురికి పళ్లేలు వేశారు. నన్నూ కూర్చోమన్నారు. పండితుణ్ణి కదా, నేనూ ఆ మార్గంలోనే ఉన్నానని చెప్పేశాను. ఆ విధంగా, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నిండు పులసల కాలంలో బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, మళ్లీ బీరకాయ తింటూ మేడ మీద కూర్చున్నాను. కింద మెస్సులో పులుసు ఉడికేది. ఆ వాసన మెట్లెక్కి వచ్చి వరండాలో మా పక్కనే కూర్చునేది. రెండో రోజు నర్సమ్మ ముక్కు పైకెత్తి, "ఇది ఎక్కడిది?" అని అడిగింది. "పక్కింటిది" అన్నాను. సమ్యక్ వాక్కు నేను చదివిన అయిదింటిలోదే. అప్పుడు గుర్తు రాలేదు.

సాయంత్రాలు వాన వెలిస్తే ముగ్గురం గోదావరి గట్టున కూర్చునేవాళ్లం. వాళ్ల బృందంలో ఒక అలవాటుంది. కాసేపు కళ్లు మూసుకున్నాక, ఆ రోజు తమ సాధన ఎలా సాగిందో ఒక్కొక్కరూ చెబుతారు, తక్కినవాళ్లు సలహా ఇవ్వకుండా వింటారు. నేను శూన్యం గురించీ, నిర్వాణం గురించీ చర్చ జరుగుతుందని నోటు పుస్తకంతో సిద్ధంగా వెళ్లాను. బస్సాయన గొంతు సవరించుకుని, తనకొచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో, ముప్ఫై ఏళ్లు బస్సు నడిపిన తనకి ఎర్ర దీపం పడ్డ ప్రతిసారీ కోపం వచ్చేదనీ, తర్వాత ఎర్ర దీపాన్నే గుడిగంటలా అనుకోవడం నేర్చుకున్నాననీ, రిటైరయ్యాక ఎర్ర దీపాలు లేక ఇప్పుడు కోపం ఎక్కడ వస్తుందో తెలియడం లేదనీ చెప్పాడు. నర్సమ్మ, తన కోడలు గిన్నెలు సరిగా కడగదనీ, వాటిని మళ్లీ కడిగేటప్పుడు కోడలి మీద కాకుండా గిన్నె మీద ధ్యాస పెట్టడానికి తనకి నాలుగేళ్లు పట్టిందనీ చెప్పింది. నేను నోటు పుస్తకం మూసేశాను. ఇదా బౌద్ధం? కోడలి గిన్నెలు మా వీధిలో ఎవరికి లేవు? ఇంత దూరం విమానమెక్కి వచ్చి వీళ్లు నాలుగు పుస్తకాలైనా చదవలేదేమో పాపం అని జాలిపడ్డాను. నా వంతు వచ్చినప్పుడు శూన్యవాదం మీద ఇరవై నిమిషాలు మాట్లాడాను. వాళ్లు సలహా ఇవ్వకుండా విన్నారు.

ఏడో రోజున నా సంకల్పం సడలింది. మధ్యాహ్నం మెస్సు ఖాళీ అయ్యాక, దొడ్లో గిన్నెల దగ్గర పులుసు దాక కనిపించింది. ముక్కలు లేవు. అడుగున చిక్కగా, ఎర్రగా, నూనె తేలుతూ ఇంత పులుసు. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. గబగబా రెండు గుప్పిళ్ల అన్నం దాకలో వేసి, నాలుగు వైపులా తుడిచి, అంచుకి అతుక్కున్న బెండకాయ ముక్కతో సహా, చిన్న పీట మీద కూర్చుని, కళ్లు మూసుకుని తిన్నాను. కళ్లు తెరిచేసరికి ఎదురుగా బస్సాయన. (వాళ్ల పళ్లేలు వాళ్లే కడుక్కునేవాళ్లు. వద్దంటే వినేవాళ్లు కారు.) ఆయన దాక వంక చూశాడు, నా వేళ్ల వంక చూశాడు, పళ్లెం కడుక్కుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం గట్టు మీద తన వంతు వచ్చినప్పుడు, "ఇవాళ ఒక మనిషి భోంచేయడం చూశాను. ముప్ఫై ఏళ్ల సాధనలో నేను ఒక్కసారి కూడా అంత ధ్యాసతో తినలేదు" అన్నాడు. "ఎవరు?" అంది నర్సమ్మ. "ఒక గురువు" అన్నాడాయన, గోదావరి వంక చూస్తూ. నాకు గట్టు కింద ఎక్కడైనా బొరియ ఉంటే బాగుండుననిపించింది.

అప్పటికే ఊళ్లో నా పేరు కొద్దిగా పాకింది. లైబ్రేరియన్ గారు నన్ను పిలిపించారు. (రోజుకి వందసార్లు ఆ మాట అంటారు కనుక ఆయన్ని అందరం నిశ్శబ్దం మాస్టారనేవాళ్లం.) "ఓ సాయంత్రం ఆవిడ చేత మన రీడింగు రూములో మాట్లాడిద్దాం. నువ్వు తెలుగులో చెప్పు. ఇది బాగా జరిగితే, నెలకో ఆదివారం నీ ప్రసంగమే పెడతాను," అన్నారు. నెలకో ఆదివారం! పేపర్లు చదవడానికి వచ్చే రిటైర్డు హెడ్మాస్టరు కూడా నా ముందు చేతులు కట్టుకుని కూర్చుంటాడు! నాకు మూడు రోజులు నిద్ర లేదు. మర్నాటికల్లా బయట నల్లబోర్డు మీద సుద్దతో "దైనందిన జీవితంలో బౌద్ధం" అని, కింద "అనువాదం: బౌద్ధ పండితులు" అని, పక్కన నా పేరూ వెలిసింది. ఆ బోర్డు ముందు నుంచి నేను రోజుకి ఆరుసార్లు ఏదో పనున్నట్టు నడిచేవాణ్ణి.

ఒక్క భయమే ఉండేది. కనకాలపేటలో ఫ్రెంచి తాత అని ఒకాయన ఉండేవాడు. కుర్రతనంలో ఫ్రెంచి సైన్యంలో పనిచేసి, ఆ పింఛనుతో బతికేవాడు, ఫ్రెంచి ధారాళంగా వచ్చు. మా ఇంట్లో ఫ్రెంచివాళ్లున్నారని తెలిసి రెండుసార్లు కబురు పంపాడు. ఆయన వస్తే ఇక నాతో ఎవరికి పని? "వాళ్లు మౌనంలో ఉన్నారు తాతా" అని రెండుసార్లూ తిప్పి పంపాను.

పన్నెండో రోజు సాయంత్రం నాలుగు గంటలకి సభ. మర్నాడు పొద్దున్న ఆరున్నర బస్సుకి వాళ్ల ప్రయాణం. రీడింగు రూములో ముప్ఫైమంది దాకా వచ్చారు. ముందు వరసలో అత్త, పట్టుచీర కట్టుకుని, ఇద్దరు వంటవాళ్లతో. నర్సమ్మ లేచి ఇంగ్లీషులో చాలా చిన్నగా మొదలుపెట్టింది. "ఆసుపత్రిలో లిఫ్టు కోసం నిలబడ్డప్పుడు మూడు ఊపిరులు చూసుకుంటాను. అదే నా సాధన," అంది. నేను దాన్ని ఎనిమిది నిమిషాలు అనువదించాను. లిఫ్టు అనే మాట సభకి తగదని జీవుడి ఊర్ధ్వగమనం అన్నాను. "ఇంటికెళ్లి గిన్నెలు కడుగుతాను. గిన్నె కడిగేటప్పుడు గిన్నె కడుగుతాను," అంది. గిన్నెని దేహమనే పాత్రగా మార్చి, ఇంకో పది నిమిషాలు చెప్పాను. నిశ్శబ్దం మాస్టారు తల ఊపుతున్నారు. హెడ్మాస్టరు ఏదో రాసుకుంటున్నాడు. నా ఆదివారాలు నాకు కళ్ల ముందు కనిపిస్తున్నాయి.

చివర్న హెడ్మాస్టరు లేచి, "మా యానాంలో ఉన్న ఈ పన్నెండు రోజుల్లో మీ సాధనకి అన్నిటికన్నా కష్టమైందేమిటో చెప్పించు బాబూ" అన్నాడు. నేను అడిగాను. నర్సమ్మ పకపకా నవ్వింది. మొదటి మాట ఇంగ్లీషులో అని, రెండో మాట దగ్గర తడుముకుని, అమాంతం ఫ్రెంచిలోకి దిగిపోయింది. చెయ్యి కింది నుంచి పైకి తిప్పింది. ముక్కు పట్టుకుంది. కళ్లు మూసుకుని గాఢంగా ఊపిరి పీల్చింది. పక్కకి చూపించింది. బస్సాయన ఎందుకో తల వంచుకుని తన చెప్పుల వంక చూసుకోవడం మొదలుపెట్టాడు. నాకు ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. రాదని చెప్పొచ్చు. కాని బయట బోర్డు మీద పేరుంది.

"మేడమ్ గారు ఏమంటున్నారంటే," అన్నాను గొంతు పెంచి, "కోరిక అనేది పొగ వంటిది. అది అధోలోకం నుంచి పైకి లేస్తుంది. ముక్కు మూసుకున్నట్టుగా ఇంద్రియాలని మూసుకుని, ప్రాణాయామం చేత..."

"ఒరేయ్, ఆగెహె!" అని వెనక నుంచి వినబడింది. గుమ్మం దగ్గర కర్ర మీద ఆనుకుని ఫ్రెంచి తాత. బోర్డు చూసి లోపలికి వచ్చాడట. "ఆవిడ పొగా అన్లేదు, పెణాయామం అన్లేదు. నే సెప్తాను ఇనండి. పన్నెండు రోజుల్నించీ మజ్జానం పన్నెండయ్యేతలికి కింద నించి సేపల పులుసు వాసనొత్తందంట. నోట్లో నీళ్లూరతంటే పళ్లెంలో ఈ అబ్బాయి బీరకాయ ఎడతన్నాడంట. పోనీ ఊపిరి మీద ద్యాస ఎడదారంటే, ఊపిరి నిండా ఆ వాసనేనంట. ఇంత కట్టమైన సాధన ఆవిడ జన్మలో సెయ్యలేదంట. పక్కింటోళ్లు ఎంత అదృట్టవంతులో అంటంది!"

ముప్ఫైమందీ ఒక్కసారి గొల్లుమన్నారు. నిశ్శబ్దం మాస్టారు ఆ మాట అనడం కూడా మర్చిపోయారు. ఆ నవ్వుల మధ్య మా అత్త లేచి నిలబడింది. ఆవిడ నవ్వలేదు.

"ఏ పక్కింటోళ్లు? మా పక్కన ఐసు ఫ్యాక్టరీ గదా!"

తాత ఆ మాట ఫ్రెంచిలో చెప్పాడు. నర్సమ్మ నా వంక చూసింది. అత్త ఆవిడ దగ్గరికెళ్లి, చెయ్యి పట్టుకుని, "అమ్మా, మీరు సేపలు తింటారా?" అంది. తాత అడిగాడు, ఆవిడ తలూపింది. తమ బృందానికి తిండి విషయంలో ఉన్న నియమమల్లా ఒకటేననీ, ఎవరింటికి వెళితే అక్కడ పళ్లెంలో పెట్టింది మారు మాట్లాడకుండా తినడమేననీ చెప్పింది. ఈ ఇంటివాళ్లే చేపలు తినరేమో అనుకుందట. "పన్నెండు రోజులు!" అంది అత్త. "పులసల్లో, నా ఇంట్లో, బీరకాయ తిని పోతన్నారు. రేపు ఆళ్ల దేశంలో నా గురించి ఏమని సెప్పుకుంటారా? యానాంలో ఒకావిడుంది, బీరకాయలావిడ అంటారు!" ఆవిడ గొంతు వణికింది. అంతకుముందు అత్త గొంతు వణకడం నేను వినలేదు. ముప్ఫైమంది నవ్వినప్పుడు లేని సిగ్గు నాకు అప్పుడేసింది.

అత్త పట్టుచీరతోనే రేవుకి నడిచింది. చీకటి పడకముందే దరియాలతిప్ప నుంచి వచ్చిన పడవలో తనకి తెలిసిన వేటగాడి దగ్గర పులస దొరికింది. (ఎంతకని అడగొద్దు. ఆవిడా చెప్పలేదు.) దాక పొయ్యి మీదికి ఎక్కింది. నర్సమ్మ, బస్సాయన పొయ్యి దగ్గరే పీటలేసుకుని కూర్చున్నారు. ఫ్రెంచి తాత నా పీట మీద కూర్చున్నాడు. పులుసు దిగింది. వాళ్లు పళ్లేలు తెచ్చుకున్నారు. అత్త మూత పెట్టేసింది.

"రేపు," అంది.

"అత్తా, రేపు ఆరున్నరకి వాళ్ల బస్సు!"

"అయితే అయిదింటికి లేవమను. ఇయాల తింటే అది సేపల కూర. రేపు తింటేనే పులస."

తాత ఆ మాట చెప్పగానే నర్సమ్మ పళ్లెం ఒళ్లో పెట్టుకుని, మూత వేసిన దాక వంక చాలాసేపు చూసింది. "మీ మేనత్త ఎన్నేళ్లుగా ఇలా చేస్తోంది?" అని నన్నడిగింది ఇంగ్లీషులో. పాతికేళ్ల నుంచి అన్నాను. "మాకు ఈ సంగతి మొదటి రోజే ఎందుకు చెప్పలేదు?" అంది. చేప సంగతి అడుగుతోందో, అత్త సంగతి అడుగుతోందో నాకు ఇప్పటికీ తెలియదు.

తెల్లవారుజామున అయిదింటికి, వేడి అన్నంలోకి, రాత్రి పులుసు. ఇద్దరూ చేత్తోనే తింటామన్నారు. పులసకి ముళ్లెక్కువ. దారప్పోగుల్లా మాంసమంతా అల్లుకుని ఉంటాయి. బస్సాయన ఏదో చెప్పబోతే అత్త కసిరింది. "మాటాడకండి! నోట్లో ఏవుందో సూసుకుని తినండి. ఇటూ అటూ సూసారంటే ముల్లు దిగిపోద్ది." తాత లేడు, ఎవరూ అనువదించలేదు. అయినా ఇద్దరూ నోరు మూసుకుని, వేలి కొసతో ముల్లు వెతుక్కుంటూ, ముద్ద వెనక ముద్ద, గుళ్లో ఉన్నట్టు తిన్నారు. వాళ్ల గురువారం బృందంలో కూడా అంత నిశ్శబ్దం ఉండి ఉండదు. నర్సమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. కారమేమో. అత్త మాత్రం కారం కాదనే ఈ రోజుకీ నమ్ముతుంది.

నా ముందు పళ్లెంలో నిన్నటి బీరకాయ ఉంది. "నువ్వు సమ్యక్కు గదరా, తిను" అంది అత్త. నేను మారు మాట్లాడలేదు. పళ్లెంలో పెట్టింది తినడమనే నియమం నాకు అప్పుడే తెలిసింది. బస్సాయన చెయ్యి కడుక్కుని లేచాడు. దాకలో ముక్కలయిపోయాయి. ఆయన దాన్ని రెండు చేతులతో ఎత్తి తెచ్చి నా ముందు పెట్టాడు. గిన్నెలోంచి రెండు గుప్పిళ్ల అన్నం తీసి, సరిగ్గా రెండు గుప్పిళ్లే, దాంట్లో వేశాడు. తర్వాత చిన్న పీట జరిపి, కూర్చోమని చేత్తో చూపించాడు.

అత్త దాక వంక చూసింది, ఆయన వంక చూసింది, నా వంక చూసింది. "ఓరి నీ దుంప తెగ! దాక రోజూ తుడిసినట్టు ఉంటందేంటా అనుకుంటన్నాను!" అంది. (రోజూ కాదు. ఏడో రోజు తర్వాత ఇంకో రెండు సార్లు, అంతే.) అప్పటికి నవ్వింది. నేను దాక తుడుచుకుని తిన్నాను. ఈసారి కళ్లు తెరుచుకునే తిన్నాను.

బస్టాండుకి ఆటోలో వెళుతుంటే లైబ్రరీ బోర్డు కనిపించింది. మాస్టారు పెందలాడే వచ్చి తడిగుడ్డతో తుడిచినట్టున్నారు. "అనువాదం:" అన్నది మాత్రం మిగిలింది. ఆదివారాల ప్రసంగం సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మిగతా మూడు మార్గాలూ వ్యాయామం, స్మృతి, సమాధి అని నాకు తెలియడానికి ఇంకో మూడేళ్లు పట్టింది, అదీ వేరే బీరువాలో. ఏడోదైన స్మృతి అంటే చేస్తున్న పని మీద ఎరుక అని అక్కడ రాసి ఉంది. ఎర్ర దీపాలు, కోడలి గిన్నెలు, ముళ్లు. నేను నోటు పుస్తకం మూసేసి జాలిపడ్డ సంగతులన్నీ చెదలు తిన్న ఆ కాగితాల్లోనే ఉండేవి. పాడైన పుస్తకాలు తీసేసినప్పుడు మాస్టారు ఆ అర పుస్తకాన్ని నాకే ఇచ్చేశారు. ఆ మూడూ పెన్సిలుతో అందులో రాద్దామని చాలాసార్లు తీశాను. రాయలేదు. నోటు పుస్తకంలోని సమ్యక్ భోజనమైనా కొట్టేద్దామనుకున్నాను. అదీ కొట్టెయ్యబుద్ధి కాలేదు. అంత ధైర్యంగా రాసినవాడు మళ్లీ దొరకడు కదా.

ఇప్పుడు అత్త దాక తిప్పలేదు, మణికట్టు సహకరించదు. నేనే వండుతాను, ఆవిడ వాలుకుర్చీలో కూర్చుని చెబుతుంది. నర్సమ్మ దగ్గర్నుంచి ఏటా పులసల కాలానికి ఒక కార్డు వస్తుంది. అందులో ఎప్పుడూ ఒకే ప్రశ్న: మూత పెట్టారా? పెడుతూనే ఉన్నాను. పులుసు దింపి, మూత పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంటాను. ఊపిరి చూసుకుంటాను. ఊపిరి నిండా ఆ వాసనే. ఓ పావుగంట గడిచాక, అత్త కునికిపాట్లు పడుతోందని నిర్ధారించుకుని, చప్పుడు కాకుండా మూత అంచు మీద చెయ్యి వేస్తాను.

"ఏరా, బుద్ధుడా," అంటుంది కళ్లు తెరవకుండానే, "రేపు."